నాడి పట్టని డాక్టరు, కోతకే పనికొచ్చే కార్డు

"మీ వాడోళ్లకు ఎంత చెప్పినా అంతే టీచర్, మూఢనమ్మకాలు పోవు." 2021 ఎండాకాలంలో కొవిడ్ సూదులు వేయడానికి మా వాడకు వచ్చిన ఒక అధికారి నాతో అన్న మాట ఇది. ఆ రోజు పొద్దున ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి అందరూ కలిసి వచ్చేసరికి మాదిగవాడలో సగం ఇండ్లకు తాళాలు. కూలికి పోయినోళ్లు కొందరు, పోయినట్టు చేసినోళ్లు కొందరు. ఒక అవ్వ మాత్రం తాళం వేసుకోలేదు. గడపలో కూసోని అడిగింది:

"నా కొడుకు దగ్గి దగ్గి సచ్చిపోయేటప్పుడు మూడు దవాఖానలు తిరిగినం బిడ్డా. జాగ లేదన్నరు. లోపలికి కూడ రానియ్యలే. ఇయ్యాల పిలువకుండనే ఇంటికొచ్చి సూదేస్తమంటున్నరు. గింత ప్రేమ ఎన్నడు పుట్టింది?"

అధికారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నేను వాడ నడుమ కుర్చీ వేసుకొని అందరూ చూస్తుండగా సూది వేయించుకున్నాను. వారం దినాలకు అవ్వ కూడా వేయించుకుంది. వేయించుకోకుండా చేనుకాడికి పోయి పండుకున్న మాకు మామ వరుసైన ఒకాయన నెల తిరగకముందే పోయిండు. కాబట్టి అపనమ్మకాన్ని పొగడడానికి ఈ సంపాదకీయం రాస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. అపనమ్మకం కూడా మనల్నే చంపుతుంది. కానీ అది మన బుర్రల్లో ఊరికే మొలిచిందా? ఎవరు విత్తనం వేసిండ్రు, ఎవరు నీళ్లు పోసిండ్రు? ఆ లెక్క తీయకుండా "చదువు లేదు, తెలివి లేదు" అని ముద్ర గుద్దేవాళ్లతోనే మన పేచీ.

మా పెద్దమ్మ బిడ్డ సంగతి చెప్తాను. నాకు అక్క. ఇరవై తొమ్మిదేండ్ల వయసులో తెల్లబట్ట అవుతుందని, నడుము గుంజుతుందని ఊరి ఆర్ఎంపీకి చెప్పుకుంది. ఆయన బండి మీద ఎక్కించుకొని ఒక నర్సింగ్ హోముకు తోలుకపోయిండు. స్కానింగు తీసిండ్రు. గర్భసంచికి పుండు లేచింది, ఉంచితే క్యాన్సర్ అయితదన్నరు. "పిల్లలు పుట్టిండ్రు గద, ఇంక దానితోని నీకు పనేముంది?" అన్నది డాక్టరమ్మే. మెడల గుండ్లు కుదువబెట్టి ఆపరేషన్ చేయించుకుంది. చాలా ఏండ్ల తర్వాత మరో డాక్టరు ఆ పాత కాగితాలు చూసి, మొగుడు పెండ్లాలు ఇద్దరూ కొన్ని దినాలు గోలీలు వాడితే పోయే ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చునన్నడు. అండాశయాలు కూడా తీసిండ్రా అని అడిగిండు. మాకేం తెలుసు? డిశ్చార్జి కాగితంలో అది రాసి లేదు. అవి కూడా తీసేస్తే ముప్పై ఏండ్ల మనిషికి యాభై ఏండ్ల ముట్లుడిగిన ఒళ్లు వస్తుంది. సెగలు, ఎముకల నొప్పులు, నిద్ర పట్టకపోవడం. మా అక్క ఇప్పుడు వడ్ల బస్తా కాదు, నీళ్ల బిందె ఎత్తలేదు. కూలి చేసుకునే ఆడమనిషి ఒళ్లే ఆమెకు భూమి. ఆ భూమిని ఒక పూటలో బీడు చేసిండ్రు.

ఇది ఒక్క మా అక్క కథే అయితే సంపాదకీయంలో రాసేవాళ్లం కాదు. కేంద్ర ప్రభుత్వమే చేయించిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) చూడండి. పదిహేను నుంచి నలభై తొమ్మిదేండ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలో అందరికంటే ఎక్కువ. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రయివేటు దవాఖానల్లోనే. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే దేశంలో అందరికంటే రెండింతలు ఎందుకు ఖరాబవుతున్నయో చెప్పే వైద్యశాస్త్రం ఏదైనా ఉందా? అది గర్భసంచిలో పుట్టిన రోగం కాదని లెక్కలు చదవగలిగిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఆరోగ్యశ్రీ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల్లో మొదలుపెట్టి 2008 నాటికి రాష్ట్రమంతా తెచ్చిండ్రు. కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా వైద్యం. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని పది లక్షలు చేసింది. ఈ పథకం పేదలకు ఏమీ చేయలేదని అంటే అబద్ధం అవుతుంది. మా బడిలో చదివిన ఒక పాపకు గుండెలో రంధ్రం ఉంటే ఆ కార్డు మీదనే ఆపరేషన్ అయింది. ఈనాడు ఆ పిల్ల ఇంటర్ చదువుతుంది. కిడ్నీలు పోయి డయాలసిస్ మీద బతికేవాళ్లను అడగండి, ఆ కార్డు విలువ చెప్తారు.

అయితే కార్డు ఎట్లా నడుస్తదో చూడండి. ఫలానా ఆపరేషన్‌కు ఇంత అని సర్కారు ప్యాకేజీ కడుతుంది. దవాఖాన కోస్తే పైసలు వస్తయి. కోయకుండా కూసోబెట్టి మాట్లాడి, గోలీలు రాసి, మళ్లీ రమ్మంటే రావు. రోజూ మింగే బీపీ గోలీకి, షుగర్ గోలీకి, పిల్లగాడి జ్వరానికి ఆ కార్డు పనికిరాదు. జ్వరానికి డాక్టరు దొరకని ఊర్లో కోతకు మాత్రం పది లక్షలు సిద్ధంగా ఉన్నయి. గర్భసంచి ఆపరేషన్లు మితిమీరినయని గోల పుట్టిన తర్వాత ప్రభుత్వమే ఆరోగ్యశ్రీ కింద వాటిని ప్రయివేటుకు ఇవ్వకుండా సర్కారు దవాఖానలకు పరిమితం చేయాల్సి వచ్చింది. అంటే మన వాడల ఆడవాళ్లు అనుమానపడ్డది నిజమేనని సర్కారే ఒప్పుకున్నట్టు. ఒక్క మన దగ్గరే కూడా కాదు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇన్సూరెన్స్ పథకాల పైసల కోసం గర్భసంచులు తీసిండ్రన్న కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇస్తూ, అనవసర ఆపరేషన్లు అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మీ జిల్లాలో ఆ మార్గదర్శకాలు ఏ గోడకైనా అంటించి ఉన్నయా? మేము వెతికినం, కనపడలేదు.

ఇంకో తమాషా. 2025లో జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ప్రయివేటు దవాఖానలు బకాయిలు ఇవ్వలేదని ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసినయి. సర్కారుకూ దవాఖాన యజమానికీ పేచీ వస్తే స్ట్రెచర్ మీద పండుకున్నోడు బయటికి పోవాలె. రెండు దున్నపోతుల కొట్లాటలో లేగదూడ కాళ్లు విరిగినట్టు.

అమెరికాలో దీనికి తిరగేసిన కథ నడిచింది. అక్కడ 1973లో చట్టం చేసి పెంచిన కంపెనీ వైద్యంలో మనిషికి ఇంత అని ముందే పైసలు కట్టించుకుంటారు. వైద్యం తక్కువ చేస్తే కంపెనీకి అంత మిగులు. అందుకే 1990లలో "మాకు పరీక్ష రాయనివ్వరు, దవాఖానలో ఒక్క రాత్రి ఉండనివ్వరు" అని అక్కడి జనం తిరగబడ్డరు. అక్కడ చేయకపోతే లాభం, ఇక్కడ కోస్తే లాభం. రెండు చోట్లా డాక్టరుకూ రోగికీ నడుమ రూపాయి కూసోని ఉంది. డాక్టరు నోట్లోంచి వచ్చేది శాస్త్రమా, లెక్కల గుమాస్తా మాటా అని రోగికి అనుమానం వస్తే తప్పెవరిది?

అదే అమెరికాలో నల్లజాతివాళ్లు డాక్టర్లను ఎందుకు నమ్మరో కూడా మన కార్యకర్తలు తెలుసుకోవాలె. అలబామా రాష్ట్రం టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా, నలభై ఏండ్లు, ప్రభుత్వ వైద్యశాఖే సవాయి రోగం ఉన్న 399 మంది నల్లవాళ్లను వైద్యం చేస్తున్నట్టు నమ్మించి, చేయకుండా, రోగం ఎట్లా ముదురుతుందో చూసుకుంటూ కూసుంది. 1947 నాటికే పెన్సిలిన్ సూదితో ఆ రోగం నయమవుతుందని లోకమంతా తెలుసు. వాళ్లకు ఇవ్వలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పేనాటికి వాళ్లలో బతికి ఉన్నది కొద్దిమందే. ఆ ఊర్లోళ్ల మనుమలు కొవిడ్ సూదికి వెనకాడితే వాళ్లవి మూఢనమ్మకాలా?

మన దగ్గర టస్కెగీ లేదా అంటే, 2009లో ఖమ్మం జిల్లాకు పోదాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని పద్నాలుగు వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిండ్రు. పది నుంచి పద్నాలుగేండ్ల పిల్లలు, చాలామంది ఆదివాసీ, దళిత బిడ్డలు, సర్కారు హాస్టళ్లలో ఉండేవాళ్లు. తల్లిదండ్రుల జాగలో వార్డెన్లతో సంతకాలు పెట్టించిండ్రు. కొందరు పిల్లలు చనిపోయిన వార్తలు వచ్చి 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేసిండ్రు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. ఆ టీకా మంచిదేనని ఈనాడు లోకమంతా వాడుతుంది కూడా. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది ఆ సంతకాలను, పిల్లల హక్కులను కాలరాసిన తీరును. నేను కూడా బడిపంతులమ్మనే. పిల్లల కాగితాలు నా చేతి మీదుగానే పోతయి. పై నుంచి ఆర్డరు వస్తే నేనూ ఆ సంతకం పెట్టి ఉండేదాన్నేమో. ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచి తల్లిని పిలిపించకుండా ఏ కాగితం మీదా పెన్ను పెట్టడం లేదు. మంచి మందును కూడా అబద్ధపు సంతకంతో ఇస్తే అది విషంగానే గుర్తుంటది.

ఇక మన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి సంగతి. ఈ పట్టీ మీద తయారయ్యే మందులు దునియా అంతా మింగుతుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి ప్రచురించిన లెక్క ఒకటి ఉంది. సుమారు తొంభై మందుల కంపెనీల వ్యర్థాలు అక్కడికి వచ్చేవి. శుద్ధి అయినయి అనుకున్న ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఒక్క దినంలో పోయింది సుమారు 45 కిలోలని అంచనా. స్వీడన్ దేశమంతా ఐదు దినాలు వాడే మందు ఇసుకవాగు, నక్కవాగు దారిలో మంజీరకు! ఊరి దవాఖానలో గోలీ దొరకదు, వాగులో మాత్రం కిలోల కొద్దీ పారింది. అట్లాంటి నీళ్లలో మందుకు లొంగని క్రిములు పెరుగుతయి. అవి కంపెనీ గేటు దగ్గర ఆగవు. ఆ తర్వాత పిల్లగాడికి జ్వరమొస్తే మొదటి మందు పనిచేయదు, రెండోది రాస్తరు, అది పెద్ద పైసల మందు. "డాక్టర్లు కావాలనే తగ్గకుండ చేస్తున్నరు" అని తల్లి అనుకుంటది. కారణం తప్పు పట్టుకుంది గానీ, ఎవరో తన నోట్లో మన్ను కొట్టిండ్రన్న ఆమె మాట తప్పు కాదు.

ఈ వాగుల మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. కేసు వేసిననాడు బడిలో చేరిన పిల్లలు ఈనాడు పిల్లల పెండ్లిళ్లు చేస్తున్నరు.

నా దగ్గర చదివే పిల్లల నాయనలు రియాక్టర్ల దగ్గర, డ్రయ్యర్ల దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేస్తరు. చర్మం పొక్కుతది, దగ్గు పట్టుకుంటది, కండ్లు మండుతయి. దవాఖానకు పోతే చీటీ మీద రాసేది "అలర్జీ". లోపల ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది: నువ్వు ఏం పని చేస్తవు? ఇటలీలో రామజ్జిని అనే డాక్టరు 1700లో పనివాళ్ల రోగాల మీద పెద్ద పుస్తకం రాసిండు. పాకీ గుంతలు ఎత్తేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, గనుల్లో దిగేవాళ్లు, ఒక్కొక్కరి దగ్గరికి పోయి చూసి రాసిండు. డాక్టరు రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో "నీ పని ఏమిటి" అన్నది చేర్చమన్నడు. మూడు వందల ఏండ్లు దాటింది. మన పట్టీలో ఇంకా ఆ ప్రశ్న చీటీ మీదికి ఎక్కలేదు. ఎక్కితే ఏమయితదో వాళ్లకూ తెలుసు. "అలర్జీ" అని రాస్తే రోగం నీది. "ఫలానా రసాయనం దగ్గర ఎనిమిదేండ్లు పని" అని రాస్తే రోగం యజమానిది కూడా అయితది. వృత్తి రోగాల జాబితా చట్టంలోనే ఉంది, దానికి పరిహారమూ ఉంది. ఒక్క గీత రాయకపోవడం వల్ల అది మనదాకా రాదు.

ఇఎస్ఐ అంటే దానం కాదని కూడా మన కార్మికులకు చెప్పాలె. బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే (1942-46) పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా మీద ప్రొఫెసర్ అదార్కర్‌ను నియమించిండ్రు. ఆయన 1944లో ఇచ్చిన నివేదిక మీదనే 1948లో ఇఎస్ఐ చట్టం నిలబడింది. జీతంలో మన 0.75 శాతం, యజమాని 3.25 శాతం కట్టాలె. రామచంద్రాపురం ఇఎస్ఐ దవాఖాన మన పైసలతో నడిచే మన దవాఖాన. కానీ కాంట్రాక్టరు పట్టుకున్నది కట్టిండా లేదా అని అడిగే కార్మికుడు ఎక్కడ? రోగమొచ్చి పండుకుంటే సగం జీతానికి పైగా, నూటికి డెబ్బై, ఇయ్యాలని చట్టం. దానికి ఆరు నెలల్లో 78 దినాల చందా పడి ఉండాలె. పేర్లు మార్చి, కాంట్రాక్టు మార్చి, 78 నిండకుండా చూసే మేస్త్రీలు మనకు తెలియనోళ్లా? మందుల కొనుగోళ్లలో కోట్లు తిన్నరన్న కేసులో 2019 సెప్టెంబరులో ఏసీబీ రాష్ట్ర ఇఎస్ఐ వైద్యసేవల డైరెక్టరునే అరెస్టు చేసింది. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కాలిపోయిండ్రు. బీహార్, ఒడిశా, యూపీ నుంచి వచ్చిన పేదబిడ్డలు చాలామంది. లోపల ఎంతమంది ఉన్నరో, ఎవరెవరో తేల్చడానికే దినాలు పట్టింది. బతికి ఉన్ననాడు లెక్కలో లేనోడు, రోగమొచ్చిననాడు ఏ కార్డులో ఉంటడు?

డాక్టర్లందరినీ ఒకే గంపలో వేస్తున్నారని కొందరు మిత్రులు అంటరు. వేయడం లేదు. పటాన్‌చెరులోనే వైద్యం చేసుకుంటూ, తన దగ్గరికి వచ్చే రోగుల ఒళ్ల మీద ఫ్యాక్టరీల నీళ్ల గుర్తులు చూసి, దశాబ్దాల పాటు కంపెనీల మీద కొట్లాడిన డాక్టర్ అల్లాని కిషన్ రావును ఈ పట్టీ మరిచిపోలేదు. ఆయన పోయిండు గానీ ఆయన వేసిన ప్రశ్న ఉంది: ఈ నీళ్లు ఎక్కడివి? ఒక డాక్టరు ఆ ప్రశ్న అడిగితే జనం ఆయన వెంట నడిచిండ్రు. నమ్మకం అట్లా వస్తది.

ఇంకొకటి చెప్పకపోతే ఈ పత్రిక ఈ పత్రిక కాదు. మన ఒంటి మీద చెయ్యి వేయడానికి వెనకాడే డాక్టర్లను మనం చూసినం. బల్లకు అవతలి నుంచే "ఏమైంది, ఎన్ని దినాలైంది" అని అడిగి, నాడి పట్టకుండా, కడుపు తాకకుండా చీటీ రాసే చేతులను చూసినం. ఊరు పేరు అడిగి, వాడ పేరు అడిగి, గొంతు మార్చిన నర్సమ్మలను చూసినం. దానికి స్కానింగు మిషను అడ్డం పెట్టుకుంటే అంటరానితనం సైన్సు అయిపోతదా? ఆర్ఎంపీ దగ్గరికి జనం ఎందుకు పోతరని పెద్ద పెద్ద సదస్సుల్లో చర్చిస్తరు. రాత్రి పిలిస్తే వస్తడు, ఉద్దెర పెడతడు, చెయ్యి పట్టుకొని చూస్తడు. అందుకు పోతరు. అదే చెయ్యి మా అక్కను కమీషన్‌కు అప్పజెప్పింది, అది వేరే సంగతి. మన బిడ్డలు డాక్టర్లయితే మారదా అంటే, మారాలనే మన ఆశ. కానీ 2019లో ముంబైలో పాయల్ తాడ్వీ, 2023లో వరంగల్‌లో ప్రీతి, ఇద్దరూ గిరిజన బిడ్డలే, వేధింపుల ఆరోపణల నడుమ చదువు పూర్తికాకుండానే పోయిండ్రు. తెల్లకోటు వేసుకున్నా కులం కనబడే కండ్లు ఆ కాలేజీల్లో ఉన్నయి.

ఇప్పుడు మన పని. దవాఖానకు పోకుండా ఇంట్లో పండుకోవడం పరిష్కారం కాదు. సర్కారు దవాఖానను తిట్టి ప్రయివేటుకు పోవడం అంతకన్నా కాదు. సంగారెడ్డిలో 2022లో సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. అది మనది, దాని గేటు ముందు నిలబడి అడిగే హక్కు మనది. అడగడం ఎట్లానో నేర్చుకోవాలె. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం, రోగి గానీ ఇంటివాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో వైద్యం కాగితాలు ఇచ్చి తీరాలె. ఇది దయ కాదు, రూలు. ఆపరేషన్ అంటే రెండో డాక్టరును అడుగుతామని చెప్పండి, కోపానికి వస్తే ఆ దవాఖాన వదిలిపెట్టండి. ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు ప్రాణం కాపాడే వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, పైసలు కట్టమని గేటు దగ్గర ఆపితే ఆ మాట గుర్తుచేయండి. ఓపీ చీటీ రాసేటప్పుడు "నేను ఫలానా ఫ్యాక్టరీలో ఫలానా పని చేస్త, ఫలానా బోరు నీళ్లు తాగుత, అది కూడ రాయండి సారూ" అనండి. రాయనంటే ఎందుకు రాయరో చెప్పమనండి. ఒక్కరు అంటే నవ్వుతరు. లైన్లో ముప్పై మంది అదే మాట అంటే పెన్ను కదులుతది.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మా వాడ అంబేద్కర్ భవనంలో కూసుంటున్నం. గర్భసంచి ఆపరేషన్ అయిన అక్కచెల్లెళ్లు, ఫ్యాక్టరీల్లో పనిచేసి రోగం తెచ్చుకున్న అన్నలు, మీ దగ్గరున్న చీటీలు, స్కానింగులు, డిశ్చార్జి కాగితాలు, ఇఎస్ఐ నంబరు పట్టుకొని రండి. పదో తరగతి పిల్లలు చదివి పెడతరు, నేను రాసుకుంట. కాగితాలు లేనోళ్లు, చింపేసినోళ్లు, పొయ్యిలో పెట్టినోళ్లు కూడా రండి. ఏ యేడు, ఏ దవాఖాన, ఏం తీసిండ్రు, ఎంత కట్టిండ్రు, ఎంత గుర్తుంటే అంత చెప్పండి.